విండోస్‌లో పైథాన్ అమర్చుకునేటప్పుడు వచ్చే చిక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పైథాన్ నేర్చుకోవడం మొదలుపెట్టిన చాలామంది మొదటి రోజుల్లో అలసిపోయేది భాష వల్ల కాదు, దాన్ని కంప్యూటర్‌లో కుదురుగా అమర్చుకోవడం వల్ల. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి వాటిని దశలవారీగా ఇక్కడ ఒకచోట చేర్చాను. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. కమాండ్లను, ఎర్రర్ సందేశాలను తెలుగు లిపిలో రాశాను; టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.

ఈ చిక్కుల్లో ఎక్కువ భాగానికి మూలం ఒక్కటే. కంప్యూటర్‌లో ఒకటికి మించి పైథాన్‌లు ఉంటాయి, మనం పిలిచామనుకున్నది ఒకటి, పలికేది మరొకటి. అందువల్ల ఎర్రర్ రాగానే అంతా తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయవద్దని నా గట్టి సలహా. అలా చేస్తే తరచుగా ఇంకో పైథాన్ చేరుతుందే తప్ప చిక్కు తీరదు.

## ఇన్‌స్టాల్ చేసే ముందు

ఏ వెర్షన్ వేసుకోవాలి? అన్నిటికన్నా కొత్తదే మంచిది కదా?

భాష నేర్చుకోవడానికి మాత్రమే అయితే కొత్తది వేసుకున్నా ఇబ్బంది లేదు. డేటా సైన్స్, మెషిన్ లెర్నింగ్ లైబ్రరీలు వాడవలసి ఉంటే మాత్రం సరికొత్త వెర్షన్‌కు ఒక మెట్టు కింద ఉన్నది ఎంచుకోవడం క్షేమం. పైథాన్‌కు ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ వస్తుంది, కానీ పెద్ద లైబ్రరీలన్నీ దానికి సరిపడే ప్యాకేజీలను అదే రోజు సిద్ధం చేయలేవు. పైగా కొత్త వెర్షన్లలో కొన్ని పాత భాగాలను తొలగిస్తారు. 2023 అక్టోబరులో వచ్చిన 3.12లో డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్‌ను తీసేయడంతో, దాని మీద ఆధారపడిన పాత ప్యాకేజీలు ఎన్నో ఇన్‌స్టాల్ కాకుండా ఆగిపోయాయి. ప్రతి వెర్షన్‌కూ మొత్తం ఐదేళ్లపాటు భద్రతా సవరణలు అందుతాయి కాబట్టి ఒక మెట్టు వెనక ఉండటం వల్ల నష్టమేమీ లేదు.

మా కాలేజీ ల్యాబ్‌లో విండోస్ 7 ఉంది. ఇన్‌స్టాలర్ ముందుకు సాగడం లేదు.

పైథాన్ 3.9 నుంచి ఏ వెర్షనూ విండోస్ 7 మీద నడవదు. అక్కడ పనిచేసే చివరి వెర్షన్ 3.8. దానికి మద్దతు 2024లో ముగిసినా, లూపులు, ఫంక్షన్లు, లిస్టుల వంటి పునాది పాఠాలకు అది చాలు. 3.10లో చేరిన ‘మ్యాచ్’ వంటి కొత్త వాక్యాలు మాత్రం అందులో సింటాక్స్ ఎర్రర్ ఇస్తాయి. అది మీ తప్పు కాదు.

ఆఫీసు లాప్‌టాప్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గర లేదు. పైథాన్ వేసుకోగలనా?

సంస్థ నియమాలు ఒప్పుకుంటే వేసుకోవచ్చు. పైథాన్ డాట్ ఆర్గ్ నుంచి దించుకున్న ఇన్‌స్టాలర్ మామూలుగా మీ ఒక్కరి ఖాతాకే ఇన్‌స్టాల్ చేస్తుంది, దానికి అడ్మిన్ హక్కులు అవసరం లేదు. పాస్‌వర్డ్ అడుగుతున్నదంటే, మొదటి తెర అడుగున ‘యూజ్ అడ్మిన్ ప్రివిలేజెస్’ అని మొదలయ్యే గడిలో టిక్కు ముందే ఉండటం కారణం కావచ్చు. ఆ టిక్కు తీసేసి కొనసాగించండి. ఈ పద్ధతిలో పైథాన్ మీ యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటాలోకి వెళ్తుంది. అది దాచి ఉంచిన ఫోల్డర్ కావడం వల్లనే ‘ఎక్కడ ఇన్‌స్టాల్ అయిందో కనిపించడం లేదు’ అని చాలామంది అనుకుంటారు.

## మొదటి కమాండ్ దగ్గర

పైథాన్ ఇన్‌స్టాల్ అయింది, కానీ టెర్మినల్‌లో ‘పైథాన్’ అని కొడితే గుర్తించలేదని వస్తోంది. ఎందుకు?

టెర్మినల్‌లో మీరు ఒక పేరు కొట్టినప్పుడు విండోస్ ఆ ప్రోగ్రామ్ కోసం డిస్క్ అంతా గాలించదు. పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో రాసి ఉన్న ఫోల్డర్లను, రాసిన వరుసలోనే చూసుకుంటూ పోయి, మొదట దొరికినదాన్ని నడుపుతుంది. ఇన్‌స్టాలర్ మొదటి తెరలో ‘యాడ్ పైథాన్ డాట్ ఈఎక్స్ఈ టు పాత్’ అనే గడి ఉంటుంది. అందులో టిక్కు మనమే పెట్టాలి, లేకపోతే పైథాన్ ఫోల్డర్ ఆ జాబితాలో చేరదు.

దీని కోసం పైథాన్‌ను తీసేయనక్కరలేదు. అదే ఇన్‌స్టాలర్‌ను మళ్లీ తెరిచి ‘మాడిఫై’ నొక్కి, తరువాతి తెరలో ‘యాడ్ పైథాన్ టు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్’ దగ్గర టిక్కు పెట్టి ముగించండి. ఆ తరువాత కొత్త టెర్మినల్ తెరిచి చూడండి. ఈలోగా పని ఆగకూడదనుకుంటే ‘పీవై’ అనే రెండక్షరాల కమాండ్ కొట్టి చూడండి. ఇన్‌స్టాలర్‌తో పాటు వచ్చే ఆ లాంచర్ చాలా సందర్భాల్లో పాత్ గడితో సంబంధం లేకుండానే పనిచేస్తుంది.

‘పైథాన్’ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటోంది. ఇది వైరస్సా?

వైరస్ కాదు. 2019 మే నెల అప్‌డేట్ నుంచి విండోస్ 10లో, ఆ తరువాత విండోస్ 11లో, పైథాన్ పేరుతో ఒక ఉత్తుత్తి ప్రోగ్రామ్ ముందే ఉంటుంది. పైథాన్ లేనివారిని స్టోర్‌కు తీసుకెళ్లడమే దాని పని. మీ అసలు పైథాన్ పాత్‌లో లేకపోయినా, ఉండి కూడా ఈ నకిలీ ఉన్న ఫోల్డర్ కన్నా కింద ఉన్నా ఇదే ముందుగా దొరుకుతుంది. సెట్టింగ్స్ వెతుకుడు పెట్టెలో ‘యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్’ అని కొట్టి, వచ్చిన జాబితాలో పైథాన్, పైథాన్3 పేర్లతో ఉన్న రెండు మీటలనూ ఆపేయండి. అప్పటికీ పైథాన్ కనబడలేదని వస్తే, అసలు పైథాన్ ఫోల్డర్ పాత్‌లో లేదని అర్థం; దాన్ని చేర్చుకోవాలి.

పాత్ మార్చడానికి ఒక వీడియోలో ‘సెట్ఎక్స్’ కమాండ్ చెప్పారు. వాడవచ్చా?

వాడవద్దు. ఆ కమాండ్ 1024 అక్షరాల దగ్గర విలువను కత్తిరిస్తుంది. మీ పాత్ అప్పటికే పొడవుగా ఉంటే చివరి ఫోల్డర్లు పోతాయి, వాటితోపాటు జావా, గిట్ వంటివి పనిచేయడం మానేస్తాయి. అంతేకాక, వీడియోలలో చూపే పద్ధతిలో సిస్టమ్ మొత్తానికి చెందిన పాత్ కూడా మీ సొంత పాత్‌లోకి నకలై, జాబితా కలగాపులగం అవుతుంది. స్టార్ట్ మెనూలో ‘ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్’ అని వెతికి, వచ్చిన కిటికీలో పై సగంలోని పాత్‌ను ఎంచుకుని ‘ఎడిట్’ నొక్కితే ఫోల్డర్లన్నీ వరుసకు ఒకటిగా కనిపిస్తాయి. పైథాన్ ఫోల్డర్‌ను, దాని లోపలి స్క్రిప్ట్స్ ఫోల్డర్‌ను అక్కడ చేర్చి, రెండింటినీ పైకి జరపండి.

పాత్ సరిచేశాను. అయినా అదే ఎర్రర్ వస్తోంది.

ప్రతి ప్రోగ్రామ్ తాను మొదలైన క్షణంలో ఉన్న పాత్ నకలునే చివరిదాకా వాడుకుంటుంది. ముందే తెరిచి ఉన్న టెర్మినల్‌కు మీ మార్పు తెలియదు. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ లోపలి టెర్మినల్ అయితే దాన్ని మూసి తెరిచినా చాలదు, ఎందుకంటే అది వీఎస్ కోడ్ దగ్గరి పాత నకలునే అందుకుంటుంది. వీఎస్ కోడ్ కిటికీలన్నీ మూసి మళ్లీ తెరవాలి.

నా కంప్యూటర్‌లో ఎన్ని పైథాన్‌లు ఉన్నాయో, ఏది పలుకుతున్నదో ఎలా తెలుస్తుంది?

‘పీవై -0పి’ అని కొడితే లాంచర్‌కు తెలిసిన పైథాన్‌లన్నీ వాటి చిరునామాలతో సహా వస్తాయి. పాత్ ద్వారా దొరికేవాటిని చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వేర్ పైథాన్’ అని కొట్టండి. అన్నిటికన్నా పైన వచ్చినదే ‘పైథాన్’ అంటే పలికేది. పవర్‌షెల్ అనే మరో రకం టెర్మినల్‌లో ‘వేర్’ అనే మాటకు వేరే అర్థం ఉంది కాబట్టి అక్కడ ఏమీ రాకుండా ఊరుకుంటుంది. ‘వేర్ డాట్ ఈఎక్స్ఈ పైథాన్’ అని చుక్కతో సహా పూర్తిగా కొట్టాలి. అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం పైథాన్ దగ్గరే ఉంది: మీ ప్రోగ్రామ్ మొదట్లో సిస్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి ‘సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్’ విలువను ప్రింట్ చేయండి. ఆ ఒక్క వరుస ఎన్నో ఊహలకు తెర దించుతుంది.

పైథాన్ తెరవగానే ‘ఎన్‌కోడింగ్స్ అనే మాడ్యూల్ లేదు’ అంటూ ఫేటల్ ఎర్రర్ వచ్చి మూసుకుపోతోంది.

పైథాన్ తన సొంత లైబ్రరీలను వేరే చోట వెతుకుతున్నదని దీని అర్థం. చాలాసార్లు మరేదో సాఫ్ట్‌వేర్ పైథాన్‌హోమ్ లేదా పైథాన్‌పాత్ అనే వేరియబుల్‌ను తన అవసరానికి పెట్టి వదిలేసి ఉంటుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కిటికీలో ఆ రెండు పేర్లూ ఉన్నాయేమో చూడండి. విలువను ఒక చోట రాసిపెట్టుకుని, తొలగించి, కొత్త టెర్మినల్‌లో ప్రయత్నించండి. మామూలు వాడకానికి ఆ రెండూ అవసరం లేదు.

## లైబ్రరీలు చేర్చుకునేటప్పుడు

పిప్ ‘సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్’ అంది. ప్రోగ్రామ్ మాత్రం ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అంటోంది. ఏది నిజం?

రెండూ నిజమే. లైబ్రరీలను దించి చేర్చే ప్రోగ్రామే పిప్. అది ఒక పైథాన్‌లో చేర్చింది, మీ ప్రోగ్రామ్ మరో పైథాన్‌లో నడిచింది. ఒక్కో పైథాన్‌కు దాని సొంత లైబ్రరీల గది ఉంటుంది, ఒక గదిలోని సామాను మరో గదికి కనిపించదు. ‘పిప్’ అని ఊరికే కొడితే పాత్‌లో ముందు దొరికిన పిప్ నడుస్తుంది. అది ఏ పైథాన్‌కు చెందినదో పేరులో తెలియదు. అందుకే ‘పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్’ అని పూర్తిగా రాసి, చివర లైబ్రరీ పేరు పెట్టండి. అప్పుడు ఏ పైథాన్‌ను పిలిచారో దానిలోకే లైబ్రరీ చేరుతుంది. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే ఈ ఎర్రర్ చాలావరకు మళ్లీ ఎదురుకాదు.

పైథాన్‌లో పిప్ కమాండ్ కొడితే సింటాక్స్ ఎర్రర్ వస్తోంది.

వరుస మొదట్లో మూడు బాణం గుర్తులు కనిపిస్తుంటే మీరు పైథాన్ లోపల ఉన్నారు. పిప్ టెర్మినల్‌లో కొట్టవలసిన కమాండ్. ‘ఎగ్జిట్’ అని రాసి ఖాళీ బ్రాకెట్లు పెట్టి ఎంటర్ నొక్కి బయటికి వచ్చి, అప్పుడు కొట్టండి.

ట్యుటోరియల్‌లో ఇంపోర్ట్ చేసిన పేరుతోనే పిప్ చేస్తే దొరకలేదంటోంది.

ఇన్‌స్టాల్ చేసే పేరు, ఇంపోర్ట్ చేసే పేరు ఒకటే కావాలన్న నియమం లేదు. సీవీ2 కావాలంటే ఓపెన్‌సీవీ-పైథాన్‌ను, పీఐఎల్ కావాలంటే పిల్లోను, ఎస్‌కెలెర్న్ కావాలంటే సైకిట్-లెర్న్‌ను, బీఎస్4 కావాలంటే బ్యూటిఫుల్‌సూప్4ను ఇన్‌స్టాల్ చేయాలి. పేరు ఊహించి కొట్టవద్దు. ప్రసిద్ధ లైబ్రరీల పేర్లకు ఒకటి రెండు అక్షరాల తేడాతో హానికరమైన ప్యాకేజీలను పెట్టిన సందర్భాలు, పిప్ ప్యాకేజీలను తెచ్చుకునే పైపీఐ సైట్‌లో ఎన్నో బయటపడ్డాయి. లైబ్రరీ అధికారిక పేజీలో ఇచ్చిన కమాండ్‌నే వాడండి.

‘మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ 14.0 కావాలి’ అని అడుగుతోంది. అదంతా దించుకోవాలా?

తొందరపడవద్దు. చాలా లైబ్రరీల లోపల సీ భాషలో రాసిన భాగాలు ఉంటాయి. వాటిని ముందే కంపైల్ చేసి ఇచ్చే ప్యాకేజీని వీల్ అంటారు. మీ పైథాన్ వెర్షన్‌కు సరిపడే వీల్ దొరకకపోతే పిప్ మూలకోడ్‌ను తెచ్చి మీ కంప్యూటర్‌లోనే కంపైల్ చేయబోతుంది, అక్కడ కంపైలర్ లేక ఆగిపోతుంది. అంటే సమస్య కంపైలర్ లేకపోవడం కన్నా, వీల్ లేకపోవడం. పైథాన్ మరీ కొత్తదైనా, లైబ్రరీ మరీ పాతదైనా, మీరు వేసుకున్నది 32 బిట్ పైథాన్ అయినా ఇలా జరుగుతుంది. ‘సరిపడే వెర్షన్ దొరకలేదు’ అనే మరో ఎర్రర్‌కు కూడా తరచుగా ఇవే కారణాలు.

పైథాన్ తెరవగానే వచ్చే మొదటి వరుసలో వెర్షన్, బిట్ సంఖ్య రెండూ ఉంటాయి. అక్కడ ‘ఏఎండీ64’ అని చూసి ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నవారు కంగారు పడనక్కరలేదు. 64 బిట్ రకానికి అది వాడుకలో ఉన్న పేరు. ఒక మెట్టు కింది పైథాన్ వేసుకుని మళ్లీ ప్రయత్నిస్తే చాలామందికి పని జరిగిపోతుంది. ఏ వెర్షన్‌కూ వీల్ లేని లైబ్రరీ అయితేనే, కొన్ని గిగాబైట్లు ఆక్రమించే విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ దించుకోండి.

ఇంట్లో పనిచేసే పిప్, కాలేజీ నెట్‌లో ‘ఎస్ఎస్ఎల్ సర్టిఫికేట్’ ఎర్రర్ ఇస్తోంది.

కొన్ని సంస్థల నెట్‌వర్క్‌లు బయటికి వెళ్లే ప్రతి కనెక్షన్‌నూ మధ్యలో తెరిచి చూసి, తమ సొంత సర్టిఫికేట్‌తో తిరిగి ముద్ర వేస్తాయి. విండోస్‌కు ఆ సర్టిఫికేట్ తెలుసు కాబట్టి బ్రౌజర్ ఒప్పుకుంటుంది. పిప్ తన దగ్గరి జాబితానే నమ్మి తిరస్కరిస్తుంది. 2024లో వచ్చిన పిప్ 24.2 నుంచి, పైథాన్ 3.10 లేదా ఆపై వెర్షన్లలో, పిప్ కూడా విండోస్ జాబితానే చూస్తుంది. కాబట్టి ఇంటి నెట్‌లో ఉన్నప్పుడు ‘పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ --అప్‌గ్రేడ్ పిప్’ నడపండి. కంప్యూటర్ తేదీ తప్పుగా ఉన్నా ఇదే ఎర్రర్ వస్తుంది. ల్యాబ్‌లలోని పాత యంత్రాల్లో ముందు దాన్ని చూడండి. సర్టిఫికేట్ తనిఖీనే ఆపేసే ‘ట్రస్టెడ్ హోస్ట్’ ఆప్షన్‌ను శాశ్వత అలవాటు చేసుకోవద్దు.

## వర్చువల్ ఎన్విరాన్‌మెంట్

ఒక్క ప్రాజెక్టుకు కూడా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కావాలా?

కావాలనే నా అభిప్రాయం. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటే ఒక్క ప్రాజెక్టుకు మాత్రమే చెందిన వేరే లైబ్రరీల గది. రెండో ప్రాజెక్టు మొదలుపెట్టి, దానికి అదే లైబ్రరీ వేరే వెర్షన్ కావలసి వచ్చిన రోజున మొదటిది చెడిపోకుండా ఇది కాపాడుతుంది. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ‘పైథాన్ -ఎం వెన్వ్ .వెన్వ్’ అని కొడితే చాలు, 3.4 వెర్షన్ నుంచి పిప్ కూడా దాంతో పాటే వస్తుంది. పాడైందనిపిస్తే ఆ ఫోల్డర్‌ను నిస్సంకోచంగా తొలగించి మళ్లీ తయారుచేసుకోవచ్చు, ఎందుకంటే మీ కోడ్ దాని బయటే ఉంటుంది.

యాక్టివేట్ చేయబోతే ‘ఈ సిస్టమ్‌లో స్క్రిప్టులు నడపడం నిషేధం’ అని ఎర్రటి అక్షరాల్లో వస్తోంది.

యాక్టివేట్ చేయడమంటే టెర్మినల్‌లో ఆ ఎన్విరాన్‌మెంట్‌ను వాడుకలోకి తేవడం. ఇది పైథాన్ ఎర్రర్ కాదు, పవర్‌షెల్ భద్రతా నియమం. ఇంట్లో వాడే విండోస్‌లో పవర్‌షెల్ మామూలుగా ఏ స్క్రిప్టునూ నడపనివ్వదు. ‘సెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీ -స్కోప్ కరెంట్‌యూజర్ రిమోట్‌సైన్డ్’ అని ఒక్కసారి కొడితే మీ ఖాతా వరకు మీరు రాసుకున్న స్క్రిప్టులు నడుస్తాయి, ఇంటర్నెట్ నుంచి వచ్చినవాటికి సంతకం అడుగుతుంది. కొందరు సూచించే ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ అంత అవసరం లేదు. ఏ నియమమూ మార్చడం ఇష్టం లేకపోతే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అందులో యాక్టివేట్ చేయండి. అక్కడ ఈ అడ్డు ఉండదు.

ప్రాజెక్టు ఫోల్డర్‌ను డి డ్రైవ్‌కు మార్చాను, పెన్‌డ్రైవ్‌లో మిత్రుడికీ ఇచ్చాను. ఇద్దరికీ పనిచేయడం లేదు.

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ లోపలి ఫైళ్లలో పూర్తి చిరునామాలు రాసి ఉంటాయి కాబట్టి అది చోటు మారితే పనిచేయదు. ‘పైథాన్ -ఎం పిప్ ఫ్రీజ్’ ఇచ్చే జాబితాను రిక్వైర్‌మెంట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైల్‌లో భద్రపరచి, కోడ్‌తో పాటు ఆ ఫైల్‌ను మాత్రమే ఇవ్వండి. అవతలివారు కొత్త ఎన్విరాన్‌మెంట్ తయారుచేసుకుని, పిప్ ఇన్‌స్టాల్ తరువాత ‘-ఆర్’ పెట్టి ఆ ఫైల్ పేరు రాస్తే అవే వెర్షన్లు చేరతాయి. వన్‌డ్రైవ్‌తో సింక్ అయ్యే డెస్క్‌టాప్‌లో కూడా దీన్ని ఉంచకపోవడం మంచిది. వేల చిన్న ఫైళ్లు క్లౌడ్‌కు ఎక్కుతూ ఇన్‌స్టాల్ మధ్యలో అడ్డుపడతాయి.

## ఎడిటర్ దగ్గర

టెర్మినల్‌లో నడుస్తోంది, వీఎస్ కోడ్‌లో మాత్రం ఇంపోర్ట్ కింద గీత పడుతోంది.

ఎడిటర్ వేరే ఇంటర్‌ప్రెటర్‌ను, అంటే కోడ్‌ను నడిపే మరో పైథాన్‌ను చూస్తోంది. కంట్రోల్, షిఫ్ట్, పీ కలిపి నొక్కి ‘పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్’ ఎంచుకుని, మీ ప్రాజెక్టులోని వెన్వ్‌ను చూపండి. ఒక్క ఫైల్‌ను కాక ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తాన్ని తెరిస్తే ఎడిటర్ దాన్ని చాలావరకు తనంతట తానే కనిపెడుతుంది. కోడ్ రన్నర్ అనే ఎక్స్‌టెన్షన్ వాడేవారు ఒక సంగతి గమనించాలి: అది మామూలుగా మీరు ఎంచుకున్న ఇంటర్‌ప్రెటర్‌ను పట్టించుకోకుండా పాత్‌లోని పైథాన్‌నే పిలుస్తుంది.

నిన్నటిదాకా పనిచేసిన రాండమ్ మాడ్యూల్ ఈ రోజు ‘అలాంటి అట్రిబ్యూట్ లేదు’ అంటోంది.

అదే ఫోల్డర్‌లో మీ సొంత ఫైల్‌కు రాండమ్ అని పేరు పెట్టారేమో చూడండి. స్క్రిప్ట్ నడిపినప్పుడు పైథాన్ మొదట ఆ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. అక్కడ అదే పేరు దొరికితే అసలు మాడ్యూల్ దాకా వెళ్లదు. టర్టిల్, క్యాలెండర్, ఈమెయిల్ పేర్లతో కూడా విద్యార్థులు తరచుగా ఈ చిక్కులో పడతారు. ఫైల్ పేరు మారిస్తే సరిపోతుంది. 3.13 నుంచి ఎర్రర్ సందేశమే ఈ అనుమానాన్ని సూచిస్తుంది.

ఫైల్ చిరునామా రాస్తే ‘యూనికోడ్ ఎస్కేప్’ ఎర్రర్ వస్తోంది. నేను యూనికోడ్ ఏదీ వాడలేదే?

స్ట్రింగ్‌లో బ్యాక్‌స్లాష్ తరువాత పెద్ద ‘యు’ వస్తే, దాని వెనక ఎనిమిది అంకెల యూనికోడ్ సంఖ్య ఉంటుందని పైథాన్ అనుకుంటుంది. సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్ చిరునామాలో సరిగ్గా ఆ జంటే ఉంది. కోట్ గుర్తుకు ముందు చిన్న ‘ఆర్’ అక్షరం పెట్టండి, లేదా బ్యాక్‌స్లాష్‌ల బదులు ముందుకు వాలిన స్లాష్‌లు వాడండి. విండోస్‌లో పైథాన్ వాటినీ ఒప్పుకుంటుంది.

## తెలుగు అక్షరాలతో

తెలుగు ఫైల్ చదవబోతే ‘చార్‌మ్యాప్’ ఎర్రర్, 0ఎక్స్8డి బైట్ అని వస్తోంది. కొన్ని ఫైళ్లు మాత్రం చదువుతోంది, కానీ అంతా చెత్త కనిపిస్తోంది.

రెండూ ఒకే కారణం వల్ల జరుగుతున్నాయి. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. ‘తెలుగు’ అనే మాట కంటికి మూడక్షరాలే అయినా, గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు, 18 బైట్లు. విండోస్‌లో పైథాన్ ఫైల్ తెరిచేటప్పుడు, మీరు ఏమీ చెప్పకపోతే, విండోస్ పాత కోడ్‌పేజీని (బైట్లను అక్షరాలుగా మార్చే పట్టికను) వాడుతుంది. మన దగ్గరి ఇంగ్లీషు విండోస్‌లలో అది సాధారణంగా 1252. ఆ పట్టికలో కొన్ని బైట్లకు అసలు అక్షరమే లేదు. వాటిలో ఒకటైన 8డి, తెలుగు పొల్లు గుర్తులోని చివరి బైట్. ఒత్తక్షరం ఏర్పడాలన్నా పొల్లే కావాలి కాబట్టి, ఒక్క ఒత్తు ఉన్నా ఫైల్ అక్కడ ఆగిపోతుంది. కొమ్ము (ఉకారపు గుర్తు) దగ్గర, ఝ, ఏ, ఐ అక్షరాల దగ్గర కూడా ఇలాగే వరుసగా 81, 9డి, 8ఎఫ్, 90 బైట్ల పేరుతో ఆగుతుంది. ఇవేవీ లేని చిన్న వాక్యమైతే ఎర్రర్ లేకుండా, నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’ అక్షరం ప్రతి మూడో గుర్తుగా వచ్చే చెత్తగా మారుతుంది.

ఓపెన్ ఫంక్షన్‌లో ప్రతిసారీ ‘ఎన్‌కోడింగ్’ అనే ఆర్గ్యుమెంట్‌కు యూటీఎఫ్-8 విలువ ఇవ్వడమే సరైన పరిష్కారం. చదివేటప్పుడూ రాసేటప్పుడూ ఇవ్వాలి. పైథాన్‌యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 అని పెట్టినా 3.7 నుంచి పనిచేస్తుంది, కానీ అది మీ కంప్యూటర్ వరకే. మీ కోడ్‌ను మరొకరు నడిపితే మళ్లీ అదే ఎర్రర్.

పైథాన్ రాసిన సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పాడవుతోంది.

ఫైల్ బాగానే ఉంటుంది. మొదట్లో ప్రత్యేక గుర్తు లేకపోతే ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్-8 అని గుర్తించదు. రాసేటప్పుడు ఎన్‌కోడింగ్‌ను ‘యూటీఎఫ్-8-సిగ్’ అని ఇస్తే పైథాన్ ఆ గుర్తును చేరుస్తుంది. ఎక్సెల్ నుంచి వచ్చిన యూటీఎఫ్-8 సీఎస్‌వీని చదివేటప్పుడు కూడా అదే పేరు ఇవ్వండి, లేకపోతే మొదటి నిలువు వరుస పేరుకు కనిపించని ఆ గుర్తు అతుక్కుని, పేరుతో వెతికితే దొరకదు.

టెర్మినల్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి, కొన్నిచోట్ల గళ్లుగా కనిపిస్తున్నాయి. డేటా పాడైందా?

చాలావరకు పాడుకాదు. ప్రతి అక్షరానికీ సమానమైన గడి కేటాయించే పద్ధతి టెర్మినల్‌ది. గుణింతాలు, ఒత్తులు కలిసి ఒక రూపం దాల్చే మన లిపికి అది సరిగా అమరదు. అదే ఫలితాన్ని యూటీఎఫ్-8 ఫైల్‌లోకి రాసి, నిర్మలా యూఐ వంటి తెలుగు ఫాంట్ ఉన్న ఎడిటర్‌లో తెరిచి చూడండి. అక్కడ సరిగా ఉంటే మీ ప్రోగ్రామ్‌లో లోపం లేదు.

డీటీపీ సెంటర్ నుంచి తెచ్చిన తెలుగు ఫైల్‌ను ఏ ఎన్‌కోడింగ్‌తో చదివినా ఇంగ్లీషు గుర్తులే వస్తున్నాయి.

ఆ పాఠం యూనికోడ్‌లో లేకపోవచ్చు. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లలో ఉండేవి నిజానికి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. ఆ ఫాంట్ వాటికి తెలుగు రూపం తొడిగి చూపిస్తుంది. కాబట్టి పైథాన్ చూస్తున్నది తప్పు కాదు, ఏ ఎన్‌కోడింగ్ పేరు ఇచ్చినా ఫలితం మారదు. ముందుగా అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌తో పాఠాన్ని మార్పించి, ఒత్తులు, వట్రసుడులు సరిగా వచ్చాయో లేదో ఒక పేజీ చదివి సరిచూసుకుని, ఆ తరువాతే ప్రోగ్రామ్‌కు అందించండి.